బాయి స్టాండులో లేని సైకిల్

ఈమధ్య ఎవరో ఫోన్‌కు పంపిస్తే ఆడవాళ్ల పోలో చాంపియన్‌షిప్ చూశాను. గుర్రాల మీద, తెల్లటి ప్యాంట్లు వేసుకుని, పచ్చటి గడ్డి మీద ఆడుతున్నారు. ఒక్కో గుర్రం మేమున్న కంపెనీ క్వార్టర్ కంటే శుభ్రంగా ఉంది. ఆట బాగానే ఉంది, కాదనను. కానీ రెండు నిమిషాలకే ఫోన్ బోర్లా పెట్టేశాను. నేనూ ఆడాను పోలో. గోదావరిఖనిలో, మట్టి గ్రౌండులో, సైకిల్ మీద. ఆ సైకిల్ మా నాయినది.

సైకిల్ పోలో అనేది ఒకటుందని మాకు చెప్పింది గర్ల్స్ హైస్కూల్లో ఆటలు నేర్పే సారు. అంతకుముందు మిలిటరీలో పనిచేసి వచ్చాడు. అక్కడ జవాన్లు ఆడితే చూశాడట. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, అంటే ఎనభైలు అయిపోయి తొంభైలు మొదలవుతున్న రోజుల్లో, ఆడపిల్లలకూ రాష్ట్ర స్థాయి పోటీలు పెడుతున్నారని ఎక్కడినుంచో కాగితం పట్టుకొచ్చాడు. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. పూర్వం రాజులూ నవాబులూ గుర్రాల మీద ఈ ఆట ఆడేవారట, రాణులు పరదాల వెనక కూర్చుని చూసేవారట. గుర్రాలు మేపలేని వాళ్లు సైకిళ్లు ఎక్కారట. మగవాళ్లు ఏళ్ల తరబడి ఆడాక ఇప్పుడు ఆడవాళ్లకు వంతు వచ్చిందట.

"గుర్రాలు నవాబులయి. సైకిళ్లు మీ నాయినలయి. తెచ్చుకోండ్రి" అన్నాడు.

అదేదో చిన్న మాటైనట్టు చెప్పాడు. బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో సైకిల్ అంటే ఏమిటో మిలిటరీ మనిషికి తెలియదు.

మా దగ్గర గనిని బాయి అంటారు. ప్రతి బాయి దగ్గరా గేటు బయట ఒక సైకిల్ స్టాండు ఉంటుంది. షిఫ్టుకు వచ్చినవాళ్లు సైకిళ్లు అక్కడ పెట్టి కిందికి దిగుతారు. ఎప్పుడైనా వేళగాని వేళ సైరన్ మోగిందంటే లోపల ఏదో జరిగిందని అర్థం. అప్పుడు కాలనీల నుంచి ఆడవాళ్లు బాయి దాకా పరుగెత్తుతారు. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వడు. ఎంతమంది దిగారు, ఎంతమంది పైకి వచ్చారు అన్న లెక్క ఆఫీసులో తేలడానికి గంటలు పడుతుంది, తేలినా దానిమీద మా ఆడవాళ్లకు నమ్మకం లేదు. వాళ్లు నేరుగా స్టాండు దగ్గరికి పోతారు. భర్త సైకిల్ స్టాండులో ఉంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. సైకిల్ లేదంటే పైకి వచ్చి వెళ్లిపోయినట్టు. ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన పద్ధతి అది. మా అమ్మ కూడా అలా రెండుసార్లు పరుగెత్తింది. రెండుసార్లూ నాయిన బతికే వచ్చాడు.

మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. సైకిల్ కావాలని నేను అడిగిన రోజు అవ్వ పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తోంది. చేతిలో పటకారు అలాగే ఉంది.

"ఆడితె ఆడు, నేనేం వద్దన్ననా? నీ సారు సైకిల్ మీద ఆడు, ఇంకెవ్వలదన్న ఎక్కు. నాయిన సైకిల్ మాత్రం డ్యూటీకి తప్ప ఇంకోకాడికి పోవద్దు. గా సైకిల్ స్టాండు బయటుంటె మనిషి బాయి బయటున్నట్టు. గంతే" అంది.

నేను ఏడ్చాను, అన్నం మానేశాను, తలుపు ధడాల్న వేశాను. నా కోపం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, ముక్కు మీదే ఉంటుంది. అవ్వ చలించలేదు. చలించింది నాయిన. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అవ్వ ముందు నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ నీళ్ల ట్యాంకు మలుపు దగ్గరికి రమ్మని కళ్లతోనే సైగ చేశాడు.

మలుపు దగ్గర చాచా నిలబడి ఉన్నాడు. చాచా మా వెనక లైన్లో ఉండేవాడు, బాయి పైన వర్క్‌షాపులో మెకానిక్కు. నాయినకు ప్రాణస్నేహితుడు. నాయిన తన సైకిల్ నా చేతికిచ్చి చాచా సైకిల్ వెనక ఎక్కి కూర్చున్నాడు.

"మూడింటికి షిఫ్టు అయితది. రెండున్నర కల్లా స్టాండుల తెచ్చి పెట్టాలె. మీ అవ్వకు తెల్వద్దు బిడ్డా" అన్నాడు.

"తెలిస్తే నన్ను కూడా చంపుతది భాభీ" అని చాచా నవ్వాడు.

మా ఒప్పందం అది. మొదటి షిఫ్టు పడ్డ వారమల్లా నాయిన ఇంటి నుంచి సైకిల్ మీద దర్జాగా బయల్దేరేవాడు, మలుపు తిరగ్గానే అది నా చేతికి వచ్చేది. నేను బడికి తొక్కుకుంటూ పోయి, మధ్యాహ్నం తిండి విరామంలో ఆడి, రెండున్నరకు బాయి స్టాండులో పెట్టి, మళ్లీ బడికి పరుగెత్తేదాన్ని. ఆఖరి పీరియడ్ సారుదే కాబట్టి సరిపోయింది. మూడు దాటాక నాయిన అదే సైకిల్ మీద ఇంటికి వచ్చి గోడకు ఆనించేవాడు. ఆ గోడకు సైకిల్ ఆనిన చప్పుడు వినగానే అవ్వ స్నానానికి నీళ్లు తోడేది. నేను సారు సైకిల్ మీద ఆడుతున్నానని ఆమె నమ్మింది. ఒక్కసారి కూడా అనుమానపడలేదు. ఇప్పుడు తలుచుకుంటే దానికే నాకు ఎక్కువ బాధ.

ఆట చెప్పినంత సులువు కాదు. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో పొడుగాటి కర్ర. కర్ర చివర సుత్తిలా చెక్క ముట్టె. దాంతో రబ్బరు బంతిని కొట్టాలి. కాలు నేలకు ఆనితే బంతిని ముట్టకూడదు. నలుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. ఒక్కో విడత ఆటను చక్కర్ అంటారు, ఏడున్నర నిమిషాలు. మొదట్లో మేం ఓణీలతో ఎక్కాం. ఓణీ చైన్లో పడి ఒకదాని మీద ఒకటి కూలితే గ్రౌండు గోడ మీద కూర్చున్న మగపిల్లలు ఈలలు వేశారు. తర్వాత పంజాబీ డ్రెస్సులు కుట్టించుకున్నాం. మోకాళ్లు పగిలాయి, ఒకమ్మాయికి పన్ను విరిగింది. ఇప్పటి పిల్లలకు హెల్మెట్లున్నాయి, మోకాలి కట్లున్నాయి, ఆటకోసమే చేసిన తేలిక సైకిళ్లున్నాయి. మాకు మగవాళ్ల సైకిళ్లు, మధ్యలో అడ్డంగా రాడ్డు, నా కాళ్లు సగం తొక్కుడుకే అందేవి. చాచా సీటు కిందికి దించి కొత్త బోల్టు బిగించాడు. సాయంత్రం నాయిన ఎక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలేవి. ఏమైందని అవ్వ అడిగితే సీటు కుంగిపోయిందన్నాడు.

నా కర్ర ముట్టె కూడా నాయినే చేసిచ్చాడు. బాయిలో పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగల కోత ముక్కలు ఇళ్లకు పొయ్యిలోకి తెచ్చుకునేవారు. అందులోంచి గట్టి ముక్క ఏరి, గాజుపెంకుతో గీకి నున్నగా చేశాడు. అంత బాగా చేతికి పట్టు కుదిరే కర్ర మా జట్టులో ఇంకెవరికీ లేదు. నేను మంచి ఆటగత్తెను. గొప్ప కోసం చెప్పడం లేదు, అది నిజం. జట్టులో గోల్ కొట్టగలిగింది నేనూ, ఇంకో అమ్మాయీ. రాష్ట్ర పోటీలకు ఎంపికైతే ముందుకు పోతానని సారు అన్నాడు. నాకు చదువు అంతంతమాత్రం. ఇంకో దారి ఏదీ కనపడలేదు. ఆ ఎంపిక కోసం నేను ఎంత అబద్ధమైనా ఆడేదాన్ని.

ఎంపిక పోటీ ఒక ఆదివారం మా గ్రౌండులోనే పెట్టారు. నస్పూరు నుంచి ఒక జట్టు, గోలేటి నుంచి ఒక జట్టు వచ్చాయి. గోలేటి పిల్లల సైకిళ్లు బస్సు టాపు మీద వచ్చాయి. గెలిచిన జట్టు హైదరాబాద్ పోతుంది. నాయినకు ఆ వారం మొదటి షిఫ్టు, ఆదివారం కూడా డ్యూటీ వేశారు. మా దగ్గర ఆదివారం డ్యూటీని ప్లేడే అంటారు, ఎందుకంటారో నాకు తెలియదు. పొద్దున మలుపు దగ్గర నాయిన సైకిల్ ఇచ్చి, టైర్లు నొక్కి చూశాడు.

"గాలి మంచిగున్నది. కింద పడకు" అన్నాడు.

నేను సరేనన్నాను. తొందరలో ఉన్నాను, ఆయన చాచా వెనక ఎక్కడం కూడా చూడలేదు.

పొద్దున గోలేటి జట్టును ఓడించాం. మధ్యాహ్నం నస్పూరు వాళ్లతో ఆఖరి ఆట. వాళ్లు మొండిగా ఆడారు. ఆఖరి చక్కర్ మొదలయ్యేసరికి చెరో గోల్ మీద ఉన్నాం. అప్పుడు సైరన్ మోగింది.

షిఫ్టు మారే వేళ కాదు. ఆగింది, మళ్లీ మోగింది. గోడ మీద కూర్చున్న మగవాళ్లు దిగి పరుగెత్తారు. అరటిపండ్ల బండివాడు బండి వదిలేసి పోయాడు. మా జట్టులో ఇద్దరికి నాన్నలు డ్యూటీలో ఉన్నారు, నాతో కలిపి ముగ్గురికి. వాళ్లిద్దరూ సైకిళ్లు ఆపి ఏడుపు మొహాలతో సారు వైపు చూశారు. సారు నన్నే చూశాడు, కెప్టెన్ని నేనే కాబట్టి.

"ఆపుదామా?" అన్నాడు.

"ఆపద్దు సార్. పోయినసారి గూడ ఊకెనే మోగింది. ఏడు నిమిషాలే కద" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నాచేత అనిపించలేదు. ఆ ఏడు నిమిషాలూ ఆడాం, నేను గోల్ కొట్టాను, గెలిచాం. చప్పట్లు కొట్టడానికి గోడ మీద ఎవరూ మిగల్లేదు.

అప్పుడు కూడా నా మొదటి ఆలోచన నాయిన గురించి కాదు, సైకిల్ గురించి. జనమంతా బాయి దగ్గరికి చేరి ఉంటారు, అవ్వ వచ్చి ఉంటుంది, సైకిల్ స్టాండులో పెట్టడం ఎలా? ఆ భయంతోనే తొక్కాను. బాయి గేటు ముందు జాతరలా జనం. స్టాండు దగ్గర మా లైన్లో ఉండే ఒక పెద్దావిడ నన్ను చూసి దగ్గరికి వచ్చింది. లోపల పైకప్పు కూలిందని, కూలిన గంటకు గానీ సైరన్ మోగించలేదని చెప్పింది.

"నువ్వేం ఫికర్ చెయ్యకు పోరీ. మీ నాయిన ఎప్పుడో పైకొచ్చి పోయిండు. మీ అవ్వ ఉరికొచ్చి స్టాండంత జూసింది, సైకిల్ లేదు. దండం పెట్టుకుంట ఇంటికి పోయింది" అంది.

అంటూనే నా చేతుల్లోని సైకిల్ వైపు చూసింది. సీటు వైపు, హ్యాండిల్‌కు కట్టిన నాయిన ఎర్ర తువ్వాలు ముక్క వైపు.

"గిది నీ దగ్గరెట్లున్నదే?" అంది.

గేటు దగ్గరికి తోసుకుంటూ పోయి వాచ్‌మన్‌ను అడిగాను. నాయిన పేరు చెప్పాను. తనకు తెలియదన్నాడు, బయటికి తీసినవాళ్లను దవాఖానకు పంపారన్నాడు. చాచా కోసం వెతికాను, కనపడలేదు. దవాఖానకు ఒక్కదాన్ని పోవడానికి ధైర్యం చాలలేదు. ఇంటి వైపు తొక్కాను.

మా సందు మలుపులో గతుకు ఉండేది. అక్కడ ఆ సైకిల్ బెల్లు దానంతటదే ఒకసారి మోగేది. ఆ రోజూ మోగింది. అవ్వ వాకిట్లో అటు తిరిగి కూర్చుని నీళ్ల పొయ్యి ఊదుతోంది. తల తిప్పకుండానే మొదలుపెట్టింది.

"వచ్చినవా? పైకొచ్చినోనివి సక్కగ ఇంటికి రావద్దా? గీ సైరన్ ఇని నా పానం పోయింది. ఎవలతోని ముచ్చట్లు పెట్టినవ్ గింతసేపు? నీళ్లు రెండుసార్లు కాగినయి."

గొంతులో అంత సంతోషం నేను అంతకుముందు వినలేదు. తిడుతోంది గానీ సంతోషంగా తిడుతోంది. తర్వాత ఇటు తిరిగింది. సైకిల్‌ను చూసింది, దాని మీద నన్ను చూసింది. నా వెనక సందంతా చూసింది.

"నాయినేడి?" అంది.

"డ్యూటీల ఉన్నడవ్వా. సైకిల్ నేను దెచ్చుకున్న" అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. లేచి, చెంగు నడుముకు చుట్టి, వెనక క్యారియర్ మీద కూర్చుంది. ఆమె జన్మలో నా వెనక సైకిల్ ఎక్కలేదు. దవాఖాన అని నేను చెప్పాను, తొక్కమని ఆమె చెప్పింది. ఎత్తు వచ్చినా దిగలేదు. నా నడుము పట్టుకున్న చెయ్యి పిడికిలిలో నా డ్రెస్సు గుడ్డ బిగుసుకుపోయింది. నేను వగరుస్తూ ఏడుస్తూ తొక్కాను. దారి పొడుగునా ఆమె నోటి నుంచి "తొక్కు" అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు.

దవాఖాన మెట్ల మీద చాచా కూర్చుని ఉన్నాడు. ఒడిలో నాయిన బాయి టోపీ. మమ్మల్ని చూసి లేచి "భాభీ" అన్నాడు. లోపల నర్సు చెప్పింది, ప్రాణం పోయి అరగంట అయిందని, తెచ్చినప్పుడు తెలివిలోనే ఉన్నాడని, గంటకు పైగా మాట్లాడాడని.

అవ్వ గోడ పట్టుకుని నిలబడింది. "అరగంట ముంగట నేను నీళ్లు కాగబెడుతున్న" అంది. అదే మాట నాలుగైదుసార్లు అంది.

నేను హైదరాబాద్ పోలేదు. నా బదులు ఇంకో అమ్మాయిని తీసుకుని వెళ్లారు, మొదటి ఆటలోనే ఓడి వచ్చారు. సారు ఒకసారి ఇంటికి వచ్చి, టీ తాగి పోయాడు. నేను మళ్లీ కర్ర పట్టలేదు. నాయిన ఉద్యోగం అవ్వకు ఇచ్చారు, అదే బాయి ఆఫీసులో ఊడ్చే పని. ఇరవై ఏళ్లు ఆ స్టాండు పక్కనుంచే డ్యూటీకి పోయింది. సైకిల్ విషయంలో నన్ను ఒక్క మాట అనలేదు. బంధువుల ముందు కూడా చెప్పలేదు. ఆమె కోపమంతా వేరే మనిషి మీదికి పోయింది.

మనిషికి దెబ్బ తగిలితే ఇంటికి కబురు పంపించే గుమాస్తా ఒకడు బాయి ఆఫీసులో ఉండేవాడు. గంటకు పైగా మాట్లాడిన మనిషి గురించి ఇంటికి కబురు ఎందుకు రాలేదని అవ్వ యూనియన్ వాళ్లను పట్టుకుని దరఖాస్తు రాయించింది. చెవిలో జోరీగలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి ఆ గుమాస్తాను దూరం బదిలీ చేశారు. ఆయన భార్య మా ఇంటికి వచ్చి ఏడ్చింది, తన భర్త తప్పేం లేదంది. అవ్వ తలుపు తియ్యలేదు. నేను కూడా కిటికీలోంచి ఆమెను పొమ్మన్నాను. గట్టిగానే అన్నాను.

చాలా ఏళ్లకు చాచాకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. చూడటానికి పోయాను. మంచం మీద ఒరిగి కూర్చుని, భార్యను టీ పెట్టమని లోపలికి పంపి, నాకు చెప్పాడు. ఆ రోజు నాయినను స్ట్రెచర్ మీద పైకి తెచ్చినప్పుడు కాలు మాత్రమే విరిగిందనుకున్నారట. లోపల కడుపు నలిగిన సంగతి ఎవరికీ తెలియలేదు. నాయిన నవ్వాడట కూడా. అప్పుడే గుమాస్తా వచ్చాడు, క్వార్టర్ నంబరు రాసుకుని ఇంటికి మనిషిని పంపుతానన్నాడు.

"నీ నాయిన నా చెయ్యి పట్టిండు బేటా. 'ఇప్పుడే ఇంటికి కబురు పెట్టనియ్యకు భాయ్. బిడ్డ రెండున్నరకు సైకిల్ తెచ్చి పెడ్తది. అటెంక చెప్దాం. ఇప్పుడు ఆమె ఉరికొస్తే సైకిల్ సంగతి బయటపడ్తది, మల్ల బిడ్డను ఆడనియ్యది' అన్నడు. నేను గుమాస్తాను ఆపిన. భాభీకి నేను చెప్త, నువ్వు పో అన్న. ఆయన నా మాట నమ్మిండు."

చాచా ఏడ్చాడు. దరఖాస్తు పెట్టినప్పుడు, చాచా ఆపాడని గుమాస్తా చెప్పుకున్నా పైవాళ్లు నమ్మలేదని, తాను నోరు విప్పి ఉంటే గుమాస్తా బతుకు పాడయ్యేది కాదని, విప్పితే నా సంగతి చెప్పాల్సి వస్తుందని విప్పలేదన్నాడు. తర్వాత నెలకే పోయాడు. ఇప్పుడు ఆ మాట తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

అవ్వ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. కంటిచూపు తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. వారానికి ఒకసారైనా అన్నం ముందు కూర్చుని ఆ గుమాస్తాను ఎత్తుకుంటుంది.

"ఒక్క మాట జెప్తె వాని సొమ్మేం పోయేది? ఆఖరుకు నీ నాయిన మొకం జూసేదాన్ని గద. గంటసేపు నాకోసం ఎంత జూసిండో. చెప్పిండు గావచ్చు, నా పెండ్లాన్ని పిలువుండ్రి అని ఎంత మొత్తుకున్నడో" అంటుంది.

నాయిన పిలవమనలేదు, పిలవద్దన్నాడు. నాకోసం. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క నమ్మకం, భర్త తనకోసమే ఎదురుచూశాడన్నది, అదీ పోతుంది. పైగా నాకు భయం, అది కూడా దాచుకోను. అందుకని ఆమె కంచంలో ఇంకొంచెం పప్పు వేస్తాను.

"మనిషేనా అవ్వా వాడు" అంటాను.